గాదీ మీది నవ్వు

దుకాణంలోకి అడుగు పెట్టగానే ఎవరైనా నన్ను చూసి నవ్వితే, నేను ఆ దుకాణంలో ఏమీ కొనను. మా మనవరాలికి ఇది పెద్ద తమాషా. "అమ్మమ్మా, నవ్వకుంటే పొగరంటవ్, నవ్వితే పారిపోతవ్. దుకాణపోడు ఏం జేసి సావాలె?" అంటుంది. దానికి ఏం చెప్పను? ఒక్క మాటలో చెప్పేది కాదు.

మొన్న మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. "అక్కా, ఆయన పోయిండు" అంది అవతలి గొంతు. ఆయన ఎవరని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. "నిద్రలనే పోయిండు. ఎవ్వల్ని కష్టపెట్టలే" అంది. ఫోన్ పెట్టేసిన తర్వాత మా ఆయన "ఎవరు పోయిన్రు?" అంటే "నవ్వేటాయన" అన్నాను. అంతే, మా ఆయన చేతిలో చాయ్ కప్పు కింద పెట్టేశాడు. సూరత్‌లో మా పాత గల్లీ వాళ్ళు ఎవరైనా ఆ ఒక్క మాటకే గుర్తుపడతారు. ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండేది. దాంతో ఆయనను పిలిచినవాళ్ళు నాకు తెలియదు, అందుకే ఇక్కడ కూడా రాయడం లేదు.

ఇప్పుడు మేము కామ్‌రేజ్ దిక్కు ఉంటున్నాం గానీ, అప్పట్లో సలాబత్‌పురాకు నడిచిపోయేంత దూరంలో ఒక ఇరుకు గల్లీలో ఉండేవాళ్ళం. గల్లీకి రెండు పక్కలా కార్ఖానాలు. కరెంటుతో నడిచే మగ్గాలను మనవాళ్ళు సాంచాలంటారు. అవి పగలూ రాత్రీ ఆడుతూనే ఉండేవి. ఊరి నుంచి కొత్తగా వచ్చినవాళ్ళకు ఆ చప్పుడుకు నిద్ర పట్టేది కాదు. పాతబడ్డాక ఆ చప్పుడు లేకపోతే పట్టేది కాదు. మా ఆయన సాంచాల మీదే పనిచేసేవాడు. నేను ఇంట్లో మెస్సు నడిపేదాన్ని. పెళ్ళాం పిల్లలను ఊళ్ళో వదిలి వచ్చిన మనవాళ్ళు, ఒక పాలీ దిగి కొందరు, ఇంకో పాలీ ఎక్కబోతూ కొందరు, మా ఇంట్లో కూర్చుని తినిపోయేవాళ్ళు. షిఫ్టును అక్కడ పాలీ అనేవాళ్ళు.

మా ఇంటి మీద ఒక గది ఉండేది. అందులో ఆయన, భార్య, ఆమె తమ్ముడు ఉండేవాళ్ళు. తల్లి పోయిన తర్వాత ఆ తమ్ముణ్ణి ఆమే ఎత్తుకుని పెంచిందట. పెళ్ళయి వచ్చేటప్పుడు తన వెంట తెచ్చుకుంది. ఇప్పుడు పెద్దవాడై సాంచాల మీద పనిచేస్తున్నాడు. జుట్టు నిండా పత్తి నూగు, నోటి నిండా పరాచికాలు. ఆమె నన్ను అక్కా అనేది కాబట్టి ఆయనకు నేను వదినెను, ఆ తమ్ముడికి నేనూ అక్కనే.

ఆయన మాత్రం సాంచాల మీద పనిచేయలేదు. మార్కెట్లో ఒక సేఠ్ దగ్గర చీరలు చూపించేవాడు. తెల్లటి పరుపు పరిచి ఉంటుంది, దాన్ని గాదీ అంటారు. దాని మీద మోకాళ్ళు మడిచి కూర్చుని, మన దిక్కు నుంచి టోకున చీరలు కొనడానికి వచ్చే షావుకార్లకు తెలుగులో మాట్లాడి చూపించాలి. సేఠ్ ఆయనను తెలుగు కోసం పెట్టుకున్నాడని అందరం అనుకునేవాళ్ళం. సేఠ్ మాత్రం, భాష ఎవరికైనా వస్తుంది, వీడికి నవ్వడం వచ్చు అనేవాడట.

ఆ నవ్వు ఎట్లా ఉండేదో చెబుతాను. ముందు కళ్ళు చిన్నవయ్యేవి. తర్వాత పెదవి ఎడమ కొస పైకి లేచి అక్కడ ఒక్క క్షణం ఆగేది, రావచ్చునా అని అడుగుతున్నట్టు. అప్పుడు కుడి కొస లేచేది. పళ్ళు ఎక్కువ కనిపించేవి కావు. వేరేవాళ్ళ నవ్వు మన మీదికి వచ్చి పడుతుంది. ఆయనది గడప దగ్గర నిలబడేది. మనమే పోయి లోపలికి పిలుచుకోవాలి.

ఒకసారి మా మరిది పెళ్ళికి చీరలు చూద్దామని మా అత్తమ్మా నేనూ ఆయన దుకాణానికి పోయాం. అత్తమ్మ చేయి చాలా గట్టిది. దారి పొడుగునా, "తెలిసినోడు గదా అని మొగమాటపడకు. సూస్తం, లేస్తం, వస్తం" అని నాకు పాఠం చెప్పింది. ఆయన చీర మడత విప్పి ఒక్క ఝాడింపు ఇచ్చాడు. కొంగు గాలిలో తేలి వచ్చి సరిగ్గా అత్తమ్మ ఒళ్ళో పడింది. వంకాయ రంగు. ఆ రంగు అత్తమ్మకు గిట్టదు. "గీ రంగు నాకెందుకు?" అని మూతి ముడిచింది. ఆయన ఏమీ అనలేదు. చీర వెనక్కి లాక్కోలేదు, ఇంకోటి తీయలేదు. తల కొంచెం వంచి నవ్వాడు. అంతే. మేము ఆ వంకాయ రంగు చీర చంకలో పెట్టుకుని బయటికి వచ్చాం.

వీధి మలుపు తిరిగాక అత్తమ్మ ఆగిపోయింది. "వాడు ఏం జెప్పిండే మనకు?"

"ఏం చెప్పలే అత్తమ్మా. నవ్విండు."

"మరెందుకు కొన్నం?"

"నువ్వే కొన్నవ్."

"పండ్లు ఊడ వాని నవ్వు" అంది అత్తమ్మ. కానీ ఆ చీర చిరిగేదాకా కట్టింది.

ఇంట్లో మాత్రం ఆయన నవ్వేవాడు కాదు. పొద్దు కూకి మెట్లు ఎక్కేటప్పుడు మొహం తడి బట్ట ఆరేసినట్టు వేలాడుతుండేది. లగ్గాల సీజన్లో బుగ్గలు పట్టేసి అన్నం నమలలేకపోయేవాడు. భార్య పెంకు మీద పాత బట్ట వేడి చేసి బుగ్గలకు కాపడం పెట్టేది. "లోకానికంతా నవ్వు, నాకు కాపడం" అనేది. ఎవరి పెళ్ళిలోనో ఫోటో తీస్తుంటే ఈయన శిల్పంలా బిగుసుకుని నిలబడ్డాడు. జర నవ్వు అన్నా అని ఫోటోగ్రాఫర్ బతిమాలితే, "నవ్వితే నీ కెమెరా ఏమన్న కొంటదా?" అన్నాడు. అది మా గల్లీలో సామెత అయిపోయింది.

బామ్మర్దికి ఆ నవ్వంటే ఎక్కడలేని సరదా. అక్క వండని పూట ఇద్దరూ మా మెస్సులో తినేవాళ్ళు, అప్పుడల్లా ఆయన మీద పడేవాడు.

"బావా, నాకు గూడ నేర్పరాదు? పని పంచే మా ముకద్దంను చూసి గట్ల నవ్వుత. రెండు సాంచాలు తక్కువ ఇస్తడు."

"నీది మొఖమా అది? దూదేకినట్టున్నది."

"దూది మొఖానికి సుత ఒక నవ్వు ఉంటది గదా. చెప్పు."

ఒకరోజు ఏ కళన ఉన్నాడో, చెప్పాడు. నేను వడ్డిస్తూ విన్నాను. "నవ్వు ముందుగాల పెట్టొద్దురా. ముందుగాల పెట్టినోడు జోకరు. ఎదుటోని మొఖం ఎప్పుడు పడ్తదో సూస్తుండాలె. ధర ఇన్నంక పడ్తది, మొగడు వద్దనంగనే పడ్తది. పడే టైముల పట్టుకోవాలె. పిల్లగాడు కింద పడుతుంటే చెయ్యి అందిస్తం చూడు, గట్ల." అంటూ కుడి చేయి చాపి చూపించాడు. "గంతే. ఇంకేం లేదు."

బామ్మర్ది కంచం ముందు కూర్చుని ఎడమ కొస లేపాడు, ఆపాడు, కుడి కొస లేపాడు. అందరూ పొరపోయేట్టు నవ్వారు. "కొంటవా అక్కా?" అన్నాడు నన్ను చూసి. "అన్నం తిను ముందు" అన్నాను.

ఆ పని అలవాటైపోయి ఆయనకు ఒక రోగం పట్టుకుంది. ఎదుటి మనిషి మొహం పడిందంటే, ఎందుకు పడిందని లేదు, ఆయన పెదవి లేచిపోయేది. మా అమ్మ పోయిన కబురు పట్టుకుని మా అన్న ఊరి నుంచి వచ్చిన రోజు ఆయన మా గుమ్మంలోనే ఉన్నాడు. అన్న చెప్పాడు. నేను తలెత్తేసరికి ఎదురుగా ఆ నవ్వు. ఎడమ కొస, ఆగి, కుడి కొస. చేతిలో ఉన్న గరిటె విసిరేసేదాన్నే. వెనక నుంచి బామ్మర్ది, "బావా! దుకాణం బంద్ చెయ్యి!" అని అరిచాడు. ఆయన ఉలిక్కిపడి రెండు అరచేతులతో తన మూతి మూసుకున్నాడు. ఆ కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. నీళ్ళ కింద ఆ నవ్వు. అట్లాంటిది నేను అంతకు ముందు చూడలేదు.

తొంభైనాలుగులో తాపీ నది పొంగి దిగిపోయిన తర్వాత ప్లేగు అన్నారు. ముందు ఎలుకలన్నారు, తర్వాత ఫలానా గల్లీలో జ్వరమన్నారు, ఆ తర్వాత ఇక ఎవరూ ఏమీ అనలేదు, మూటలు కట్టుకున్నారు. అందరి మూతులకూ రుమాళ్ళు. స్టేషన్‌లో రైళ్ళ కప్పుల మీద కూడా మనుషులేనట. మేము మాత్రం అత్తమ్మను ఆ తొక్కిసలాటలో ఎక్కించలేక ఉండిపోయాం. కార్ఖానాలు ఒకదాని తర్వాత ఒకటి మూతపడి, ఒక పొద్దున సాంచాల చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. చెవుల్లో నీళ్ళు పోయినట్టు అయింది నాకు. గల్లీ చివర ఎవరో దగ్గితే మా వంటింట్లో వినిపించేది.

ఒకరోజు వినిపించిన దగ్గు మాత్రం మా ఇంటి మీద నుంచే వచ్చింది. వాళ్ళు ఊరికి పోవడానికి ట్రంకు పెట్టె సర్దుకుని ఉన్నారు. అంతలో బామ్మర్దికి జ్వరం. ఆయన దవాఖానకు పోదామన్నాడు. బామ్మర్ది గదిలోకి పోయి గొళ్ళెం పెట్టుకున్నాడు. అప్పుడు గల్లీలో ఒకటే మాట, పెద్ద దవాఖానకు పోయినవాళ్ళు మళ్ళీ రారని. నిజమో కాదో ఎవరు చూశారు? భయానికి చూసే పని ఏముంది?

"నన్ను ఊరికి తోల్కపో అక్కా" అంటున్నాడు లోపలి నుంచి. "ఏమైనా గాడనే అయితది. దవాఖానకు మాత్రం పోను."

ఆమె తలుపుకు తల ఆనించి, "పోదాం బిడ్డా, ఊరికే పోదాం" అంటోంది. తర్వాత మొగుడి దిక్కు తిరిగి, "స్టేషన్‌కు తోలుకపో మమ్మల్ని" అంది.

"వాడు నిలవడలేడే. రైల్ల వాన్ని ఎట్ల ఎక్కిస్తవ్? తొవ్వల ఎవడు సూస్తడు?"

ఇప్పుడు ఆలోచిస్తే ఆయన చెప్పిందే సరైన మాట. అప్పుడు కూడా నాకు అట్లాగే అనిపించింది. కానీ సరైన మాటకు గొళ్ళెం ఊడలేదు. బతిమాలి బతిమాలి ఆమె చివరికి తలుపు తీయించింది. ఆయన లోపలికి పోయాడు. నేను మెట్ల మీది నుంచి చూస్తున్నాను. ఆయన మోకాళ్ళు మడిచి, అచ్చం గాదీ మీద కూర్చున్నట్టే నేల మీద కూర్చున్నాడు. మూతికి కట్టుకున్న రుమాలు విప్పాడు.

"కట్టుకో బావా. నాది నీకు అంటుకుంటది."

"అంటనియ్" అన్నాడు ఆయన. "సూదులేస్తరు, గోలీలిస్తరు. మంచం మీద పండి తింటవ్. దసరా నాటికి ఇంట్ల ఉంటవ్. తాపీ ఒడ్డుకు పోయి పాలపిట్టను సూసొద్దాం, నువ్వు, నేను, మీ అక్క."

"నిజమా బావా?" అని అడుగుతూనే ఆ పిల్లవాడి మొహం కిందికి జారిపోయింది.

ఆయన నవ్వాడు.

ఆ నవ్వు గాదీ మీద కూడా అంత బాగా వచ్చి ఉండదు. అంత నింపాదిగా, అంత మర్యాదగా వచ్చింది. బామ్మర్ది ఆ నవ్వును చాలాసేపు చూశాడు. తర్వాత "అంగీ ఇయ్యి అక్కా, ఉతికింది" అన్నాడు. ఆమె అంగీ తొడిగింది, రుమాలు కట్టింది, మెట్లు దింపింది. రిక్షా గల్లీ మలుపు తిరిగేదాకా నిలబడింది. మధ్యాహ్నానికి ఆయన ఒక్కడే నడిచి వచ్చి "పోయిండు లోపటికి" అన్నాడు.

దసరా రాకముందే కబురు వచ్చింది. అది ఏ జ్వరమో మాకు ఎవరూ తేల్చి చెప్పలేదు. డాక్టర్లు చేయగలిగింది చేశారనే అన్నారు. కబురు ముందు ఆయనకే తెలిసింది. ఆయన మెట్లెక్కి వచ్చి ఆమెకు చెప్పాలి. నేను ఆమె పక్కనే ఉన్నాను. ఆయన "వాడు లేడే" అన్నాడు. ఆమె మొహం పడింది. పడగానే, ఆ దేవుడు ఎందుకు అట్లా రాశాడో, ఆయన పెదవి ఎడమ కొస లేచింది.

ఆమె అరుపు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆయన ఛాతీ మీద పిడికిళ్ళతో కొట్టింది. "అమ్మినవ్ గదా! నా తమ్మునికి సుత అమ్మినవ్ గదా! వాడు నిన్ను నమ్మిండురా! నమ్మి పోయిండురా!" మొగుణ్ణి ఆమె రా అనడం అదే మొదలు, అదే చివర. ఆయన రెండు చేతులతో మూతి మూసుకుని గోడకు తిరిగి నిలబడ్డాడు. ఈసారి దుకాణం బంద్ చెయ్యమనేవాడు లేడు.

తర్వాత ప్లేగు పోయిందన్నారు. ఊళ్ళకు పోయినవాళ్ళు తిరిగి వచ్చారు. సాంచాలు మళ్ళీ మొదలయ్యాయి. అందరి మూతుల మీద రుమాళ్ళు ఊడిపోయాయి. ఆయనది ఊడలేదు. దుకాణానికి పోయేటప్పుడు విప్పేవాడు. తిరిగి వచ్చినప్పుడు మెట్ల కింద చెప్పులు విడిచి, జేబులోంచి రుమాలు తీసి, ముక్కు మీదికి లాగి గట్టిగా ముడివేసుకుని అప్పుడు పైకి ఎక్కేవాడు. పక్కింటి గుజరాతీ ముసలాయన, "ప్లేగ్ తో గయా, భాయ్" అని, పోయిన రోగానికి ఇంకా రుమాలెందుకన్నట్టు నవ్వేవాడు. మెస్సులో కుర్రాళ్ళు, ఇంత భయమా ఈయనకు అనుకునేవాళ్ళు. ఎందుకు కట్టుకునేవాడో నాకు తెలుసు, ఆమెకు తెలుసు. ఆమె వండిపెట్టేది, మాట్లాడేది కాదు. అన్నం తినడానికి ఆయన రుమాలు దించాలి గదా, అందుకని గోడ దిక్కు తిరిగి తినేవాడు.

ఒక మార్కెట్ సెలవు దినం మధ్యాహ్నం నేను వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. ఆమె బట్టలు ఉతకడానికి పోయింది. ఆయన వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. రుమాలు లోంచే మాట్లాడాడు.

"ఒక మాట చెప్త వదినె. దానికి చెప్పొద్దు."

"చెప్పయ్యా."

"దవాఖాన గేటు కాడ నన్ను ఆపిన్రు. ఎంట వచ్చినోళ్ళు బయటనే ఉండాలన్నరు. వాడొక్కడే లోపటికి నడిచిండు. జరంత దూరం పోయి ఎనక్కి తిరిగి సూశిండు. నేను నవ్వుతనే ఉన్న అనుకున్న వదినె. నవ్వు ఎప్పుడు జారిందో నాకు తెల్వదు. నా మొఖం పడ్డది. వాడు సూశిండు."

గింజలు తీయడం ఆపేశాను.

"సూశి, రుమాలు కిందికి గుంజి నవ్విండు. వాని నవ్వు కాదది. నాది. గాదీ మీది నవ్వు. ఎడమదిక్కు లేపిండు, ఆపిండు, కుడిదిక్కు లేపిండు. 'మంచిగ అమ్మినవ్ బావా' అన్నడు. 'ఇగ ఇంటికి పో, దసరకు వస్త' అన్నడు."

"అంటే వాడు..."

"వానికి తెల్వదా వదినె? నా ఎంట తిరిగినోడు. నా నవ్వు కింద ఏమున్నదో వానికి తెల్వదా? తెలిసే లేశిండు. తెలిసే అంగీ తొడుక్కున్నడు. అక్క ఒక దిక్కు, నేను ఒక దిక్కు గుంజుకుంటుంటే సూడలేక లేశిండు. నేను గేటు కాడ్నే కూసుందామని పోయిన. ఎన్ని దినాలైనా గాడ్నే ఉందామనుకున్న. వాడు గట్ల నవ్వంగనే నా పానం నిమ్మళమైంది. ఇంటి తొవ్వ పట్టిన. తొవ్వల ఆగి చాయ్ సుత తాగిన వదినె. ఇన్నేండ్ల సంది అమ్ముతున్న. కొన్నది గదే మొదలు."

నాకు మా అత్తమ్మ వంకాయ రంగు చీర మనసులో మెదిలింది. ఆమెకు మాత్రం తెలియదా, అది గాదీ మీది నవ్వని? నవ్వుకు మోసపోయి కొంటారని నేను అంతకాలం అనుకున్నాను. ఎవరూ మోసపోరు. ఎదుటి మనిషి అంత కష్టపడి నవ్వుతుంటే వద్దని చెప్పలేక కొంటారు.

"మరి ఆమెకు చెప్పరాదయ్యా? నువ్వు మోసం చేసినవని కుములుతున్నది."

"కుమలనియ్. నమ్మి పోయిండు అనుకుంటే, భయం లేకుంట పోయిండు అనుకుంటది. తెలిసి పోయిండని తెలిస్తే, వాని భయం ఎంత ఉండెనో అని దినాం లెక్కపెడ్తది. నన్ను తిట్టుకునుడే దానికి నయ్యం." లేచి రుమాలు సరిచేసుకుని పైకి పోయాడు.

నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండానే ఉండేదాన్ని. కానీ తర్వాత ఒక సెలవు దినం ఆమె ట్రంకు పెట్టె మోసుకుని కిందికి దిగింది. ఊరికి పోతున్నానంది. ఎప్పుడొస్తావంటే, రానంది.

"నా తమ్మున్ని నమ్మిచ్చి పంపినోనితోని ఒక్క పొయ్యి మీద ఎట్ల వండుకు తింట అక్కా? గోడ దిక్కు తిరిగి తింటడు. మింగిన ప్రతి ముద్దకు నా తమ్ముడే యాదికొస్తడు. నీకు దండం పెడ్త, ఆపకు."

ఆమె వంగి నా కాళ్ళకు దండం పెట్టింది. నాకు ఆయనకిచ్చిన మాట గుర్తుంది. కానీ ఆ పెట్టె గడప దాటితే ఈ ఇద్దరూ బతికినన్నాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోరని కూడా తెలుసు. చేయి పట్టి కూర్చోబెట్టి చెప్పేశాను. గేటు, రుమాలు, ఆ నవ్వు, ఆ మాట, తాగిన చాయ్, అన్నీ. ఏదీ తగ్గించలేదు.

ఆమె ఏడవలేదు. పెట్టెను గోడ పక్కకు జరిపింది. తర్వాత లేచి మెట్లు ఎక్కింది. ఏమవుతుందోనని నేను వెనకే పోయాను.

ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి రుమాలు ముడి తడుముకున్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని ముడి తనే విప్పింది.

"ఎట్ల నవ్విండు?"

ఆయన నా దిక్కు చూశాడు. నేను తల దించుకున్నాను.

"గేటు కాడ నా తమ్ముడు ఎట్ల నవ్విండు? ఆఖరుకు వాని మొఖం సూసింది నువ్వే గదా. నాకు సూపియ్యి."

ఆయన ప్రయత్నించాడు. చావు కబురు చెబుతుంటే పిలవకుండా వచ్చిన నవ్వు, ఇప్పుడు పిలిస్తే రాలేదు. పెదవి లేచి వణికి పడిపోయింది. మళ్ళీ లేచి మళ్ళీ పడింది. "రాదే" అన్నాడు. "నాకు వస్తలేదే."

"నోటితోని చెప్పు అయితే."

"ఎడమదిక్కు జర లేపిండు. లేపి ఆగిండు. ఇగ కుడిదిక్కు..."

ఆమె తన మొహం మీద ఎడమ కొస లేపింది. ఆపింది. కుడి కొస లేపింది. అక్కాతమ్ముళ్ళ మూతి ఒక్కటే అచ్చు. అప్పటిదాకా నేను పట్టించి చూడలేదు, ఎందుకంటే ఆమె నవ్వడం తక్కువ. ఆ గదిలో ఆ పిల్లవాడే కూర్చుని నవ్వుతున్నాడు.

"గిట్లనేనా?"

ఆయన ఆమెను చూస్తున్నాడు. మూతి మూసుకోలేదు, గోడకు తిరగలేదు. మొహం అంతా ఒక్కసారిగా కూలిపోయింది. కూలిన మొహాన్ని నిలబెట్టడానికి ఈసారి ఏ నవ్వూ రాలేదు. "గిట్లనే" అన్నాడు. అని, పసిపిల్లవాడిలా నోరు తెరిచి ఏడ్చాడు. ఆమె ఆ నవ్వు దించలేదు. దించితే తమ్ముడు పోతాడన్నట్టు అట్లాగే పట్టుకుని, ఆయన తల తన ఒళ్ళోకి లాక్కుంది.

నేను అక్కడ ఉండవలసిన మనిషిని కాదని మెట్లు దిగి వచ్చేశాను. కింద మా ఇంట్లో పాలీకి పోయే కుర్రాళ్ళు కంచాల ముందు కూర్చుని నా కోసం చూస్తున్నారు. పైనుంచి ఆ ఏడుపు సాంచాల చప్పుడును దాటి వినిపిస్తోంది.

"ఏందక్కా, పైన ఎవలో మొగమనిషి ఏడుస్తున్నట్టున్నది?"

"నవ్వేటాయన" అన్నాను.

కుర్రాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అందులో ఒకడు నవ్వుతూ కంచం ముందుకు జరిపాడు.

"పరాచికాలు వద్దు గని అక్కా, జర చారు పొయ్యి. పాలీ టైమైతున్నది."